నాయన జీపు, చేతిలో టార్చి, ఇంట్లో చెప్పని గాయం

ఈసారి ఉత్తరం తాడిపత్రి ప్రాంతం నుంచి వచ్చింది. రాసినవారు నలభై ఒక్క ఏళ్ళ ఉపాధ్యాయులు, హైస్కూల్లో లెక్కలు చెబుతారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు గనుక విషయాన్ని నా మాటల్లో కుదించి ఇస్తున్నాను.

ఆయన నాయనగారికి ఒక పాత మహీంద్రా జీపు ఉండేది. బానెట్ ఎత్తుగా ఉండే సీజే-3బీ, పెట్రోలు బండి, 1972లో రిజిస్టరైంది. యాడికి, పుట్లూరు వైపు పల్లెలకు బస్సులు సరిగా తిరగని రోజుల్లో ఇంటి శెనక్కాయ బస్తాలు ఆ బండిలోనే మార్కెట్టుకు చేరేవి. ఊళ్ళో ఎవరికి కాన్పు నొప్పులు వచ్చినా అర్ధరాత్రి తలుపు తట్టేది ఆ ఇంటిదే. నాయన నాలుగేళ్ళ కిందట పోయారు. బండి అంతకు చాలా ముందే ఆగిపోయింది. పదకొండేళ్ళుగా ఇంటి వెనక వేపచెట్టు కింద నిలబడి ఉంది. ఫ్లోరు రేకు తుప్పు తినేసి, డ్రైవరు సీట్లో కూర్చుంటే కాళ్ళ కింద నేల కనబడుతోంది. మూడు టింకరింగ్ షెడ్లలో అడిగితే ఒకరు బాడీ మొత్తం కోసి కొత్తది వేద్దామన్నారు, ఒకరు ఆర్నెల్లు పడుతుందన్నారు, మూడోవారు చూడటానికే రాలేదు. అప్పుడు ఆయన, ఈ పని తానే నేర్చుకుని తన చేత్తోనే చేయాలని నిశ్చయించుకున్నారు.

ఎనిమిది నెలలుగా ఆదివారాలూ సెలవు రోజులూ ఊరి చివర ఒక పెద్ద మేస్త్రీ దగ్గర గ్యాస్ వెల్డింగ్ నేర్చుకుంటున్నారు. మేస్త్రీకి అరవై ఆరేళ్ళు. సిలిండరు గ్యాసు కాకుండా, ఇప్పటికీ డ్రమ్ములో కార్బైడు వేసి నీళ్ళతో గ్యాసు పుట్టిస్తారు. గాగుల్స్ పెట్టుకోరు; ‘మంటను చూసి చూసి కన్ను రాటుదేలాలి’ అంటారు. మన మాస్టారికి ఇత్తడి అతుకు బాగానే వస్తోంది. ఇనుప రేకుకు రేకు అతకబోతే మాత్రం బొక్కలు పడుతున్నాయి, లేదంటే రేకు అప్పడంలా వంకర తిరుగుతోంది. రెండు నెలల కిందట భార్య, ఏడేళ్ళ కూతురు క్యారియరు తీసుకుని షెడ్డుకు వచ్చినప్పుడు టార్చి (వెల్డింగు మంట వచ్చే చేతి గొట్టం) తుపాకీ పేలినట్టు ‘టప్’మంది. పాప ఏడ్చింది. ఆనాటి నుంచి భార్య, ఈ పనైనా మానండి లేదా ఆ జీపునైనా పంపించేయండి అంటున్నారు. మూడు వారాల కిందట మళ్ళీ అలాగే టార్చి పేలి, ఉలిక్కిపడటంలో ఎర్రగా కాలిన రేకు ఎడమ మణికట్టుకు తగిలింది. ఇంట్లో స్కూటరు సైలెన్సరు తగిలిందని చెప్పారు. బెంగళూరులో ఉన్న తమ్ముడు, పెనుకొండ కియాలో మరమనుషులు అతుకుతున్న కాలంలో మనకెందుకన్నా ఈ మంట, డీజిల్ ఇంజను వేసుకుంటామని అడుగుతున్నవాళ్ళకు అమ్మేద్దాం అంటున్నారు. ఈ మధ్యలో మాస్టారు సొంతంగా ఒక సెట్టు కొని ఇంటి వెనక గొడ్ల పాకలో పెట్టుకోవాలని చూస్తున్నారు. ఈ వయసులో ఇది నేర్చుకోవడం మూర్ఖత్వమా, ఇంట్లో ఎలా ఒప్పించాలి, లేక బండిని ఎవరికైనా అప్పగించేయాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

మాస్టారూ, నేను ఇరవై ఆరేళ్ళు ఐటీఐలో వెల్డరు ట్రేడు చెప్పినవాణ్ణి. మీ మూడు ప్రశ్నలకూ వస్తాను. అంతకన్నా ముందు, మీరు ప్రశ్నగా అడగని ఒక సంగతి ఉంది. నాలుగో పేజీలో, అంతా అనుకున్నదే కదా అన్నట్టు ఒక వాక్యం రాశారు: ‘వేసవి సెలవుల్లో సీటు తీసి, పెట్రోలు ట్యాంకును సర్ఫు నీళ్ళతో కడిగి, మేస్త్రీ దగ్గరే దాని చిల్లులు కూడా అతికించేద్దామనుకున్నాం.’ ఉత్తరమంతా చదివాక మళ్ళీ ఆ వాక్యం దగ్గరికే వచ్చి ఆగిపోయాను. ఆ పని చేయకండి. ఈ జవాబులో మిగతా చోట్లన్నీ మీ ముందున్న దారులు చెప్పి, ఎటు పోతే ఏమవుతుందో వివరించి, నిర్ణయం మీకే వదిలేస్తాను. ఇక్కడ మాత్రం అలా వదలలేను.

పదకొండేళ్ళు ఎండలో ఎండిన ట్యాంకులో ఇంకా పెట్రోలేముంటుందని మీకు అనిపించవచ్చు. ట్యాంకు అడుగున, రేకు మడతల్లో, అతుకుల సందుల్లో పాత పెట్రోలు జిగురుగా గడ్డకట్టి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు దానికి వాసన కూడా తెలియకపోవచ్చు. టార్చి వేడి తగిలిందంటే మళ్ళీ ఆవిరవుతుంది. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉంటే నిప్పు తగిలినప్పుడు పేలుతుంది. అంటే అడుగున మిగిలిన కొద్దిపాటి జిగురే అంత ట్యాంకునూ బాంబుగా మార్చడానికి చాలు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదం అనేది ఇందుకే. సర్ఫు నీళ్ళు ఆ జిగురును కరిగించవు. నా దగ్గర చదువుకుని సొంతంగా షెడ్డు పెట్టుకున్న ఒక కుర్రవాడు, మూత తీసి పది రోజులు ఎండబెట్టానన్న ధైర్యంతో ఒక డ్రమ్ముకు టార్చి పెట్టాడు. డ్రమ్ము మూత ఎగిరి షెడ్డు పైరేకును చీల్చుకుని పోయింది. అతని ప్రాణం దక్కింది. కుడిచెవి పూర్తిగా పోయింది. ఆసుపత్రిలో నన్ను చూసి అతను మొదట అన్న మాట, ‘బాగా కడిగాను సార్’ అని.

మీ బండి విషయంలో ఇది ఇంకా దగ్గరి ప్రమాదం. సీజే-3బీలో పెట్రోలు ట్యాంకు ఉండేది డ్రైవరు సీటు కిందనే. మీరు మొట్టమొదట అతకాలనుకుంటున్న ఫ్లోరు రేకు దాని పక్కదే. ట్యాంకు జోలికి పోకపోయినా, అది అక్కడ ఉండగా ఫ్లోరు మీద టార్చి వెలిగిస్తే అదే ముప్పు. అందుచేత మిగతా నిర్ణయాలు ఏవైనా కానివ్వండి, ట్యాంకునూ, దాని నుంచి కార్బురేటరుకు వెళ్ళే గొట్టాన్నీ ముందు బండి నుంచి విప్పించి, ఆరుబయట దూరంగా పెట్టించండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. పైకి పోదు, నేల మీద పాకుతూ పల్లంలో నిలుస్తుంది, దూరంగా ఉన్న నిప్పును కూడా వెతుక్కుంటూ పోగలదు. ట్యాంకు కోసం మీకున్న మార్గాలు రెండు. అదే కొలతలతో కొత్తది చేయించుకోవచ్చు, పాత జీపులకు ఇది అరుదైన పని కాదు. చిల్లులు సూది మొన అంతే ఉంటే, లోపల తుప్పు గీకించి, మంట అవసరం లేని ఎపాక్సీ పూతతో మూయించుకోవచ్చు. రెండోది చవక, కానీ రేకు బాగా పలచబడి ఉంటే ఎక్కువ కాలం నిలవదు. మీ ఉత్తరంలో వర్ణించినంత తుప్పు ఉంటే నేనైతే కొత్తదే చేయిస్తాను.

ఇక మీ ఇంటి విషయం. మీ భార్య ఆ ‘టప్’ శబ్దానికి భయపడ్డారు. మీరు ఆ భయాన్ని తెలియనితనం అనుకుని, ఎలా పోగొట్టాలా అని చూస్తున్నారు. ఆ శబ్దం ఎందుకు వచ్చిందో మీరే ఇంకా తెలుసుకోలేదని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే ఆ తరవాత కూడా అది మళ్ళీ వచ్చింది, ఈసారి చెయ్యి కాల్చింది. టార్చి నుంచి బయటకు వచ్చే గ్యాసు వేగం తగ్గితే మంట వెనక్కు నడిచి నాజిల్లోకి దూరుతుంది, దానితో పేలిన శబ్దం వస్తుంది. దీన్ని బ్యాక్‌ఫైర్ అంటారు. నాజిల్ మొనను కరిగిన లోహానికి తాకించినా, నాజిల్ రంధ్రంలో చిట్లిన లోహపు తునక ఇరుక్కున్నా, మొన బాగా వేడెక్కినా, గ్యాసు ఒత్తిడి చాలకపోయినా ఇలా జరుగుతుంది. కార్బైడు డ్రమ్ము నుంచి వచ్చే గ్యాసుకు ఒత్తిడి తక్కువ, అదీ నిలకడగా ఉండదు. ఆ షెడ్డులో ఇది మాటిమాటికీ జరగడంలో వింత లేదు. ఒక్క ‘టప్’తో ఆగి, మంట ఆరిపోతే పెద్ద ప్రమాదం కాదు, వాల్వులు కట్టి, మొన చల్లార్చి, రంధ్రం శుభ్రం చేసి మళ్ళీ వెలిగించుకోవచ్చు. ఎప్పుడైనా మంట లోపలికి పోయి ఈల వేసినట్టు, బుసకొట్టినట్టు శబ్దం ఆగకుండా వస్తుంటే, అది ఫ్లాష్‌బ్యాక్. మంట పైపులోంచి గ్యాసు పుట్టే చోటికి పోతోందన్న మాట. వెంటనే టార్చి మీద ఆక్సిజన్ వాల్వు, ఆ వెంటనే అసిటిలీన్ (కార్బైడు గ్యాసు) వాల్వు మూసి, తరవాత గ్యాసు వచ్చే చోట ఉన్న అసలు వాల్వులు కట్టాలి. ఈ రెండింటికీ తేడా మీకు నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు రావాలి. వచ్చిన రోజున మీ భార్యతో మీరు మాట్లాడే తీరే మారిపోతుంది.

అయితే ఆమెతో మాట ఈ వివరణతో మొదలుపెట్టకండి. ముందు మణికట్టు సంగతి చెప్పండి. ఇల్లాలికి సైలెన్సరు కాలిన మచ్చకూ, రేకు కాలిన మచ్చకూ తేడా తెలియదని మీరు అనుకుంటున్నారేమో. పదిహేనేళ్ళ కాపురంలో ఆమె ఇప్పటికే అనుమానించి ఊరుకున్నారేమో కూడా చెప్పలేం. ఆమె భయంలో సగం మంటను గురించి అయితే, మిగతా సగం అక్కడ ఏం జరిగినా ఈ మనిషి నాకు చెప్పడు అన్నదాన్ని గురించి. ఆ రెండో సగం ఇప్పుడు నిజమైంది. నిజం చెబితే మొదట గొడవ జరుగుతుంది, బహుశా కొన్ని ఆదివారాలు షెడ్డుకు పోవడం కూడా కుదరదు. చెప్పకపోతే ఈసారి జరగబోయే చిన్న కాలుడుకు కూడా మరో అబద్ధం వెతుక్కోవాలి, ఆ అలవాటుతో గాయాలను చిన్నవిగా చూడటం మీకే అలవాటవుతుంది. పనివాడికి అంతకన్నా చెడ్డ అలవాటు నేను చూడలేదు. చెప్పాక, ఆమె ఏయే షరతులు పెడితే మీరు కొనసాగవచ్చో అడగండి. సాయంత్రం లోపు ఇంటికి రావడం, ఒంటరిగా టార్చి వెలిగించకపోవడం, పాపను షెడ్డు దరిదాపులకు తీసుకుపోకపోవడం లాంటివి ఆమె అడిగితే అవి వేధింపులు కావు. పెద్ద కర్మాగారాల్లో కాగితం మీద రాసి గోడకు అంటించే నియమాలే అవి. అన్నీ విన్న తరవాత కూడా ఆమె వద్దంటే, మీరు మానాలనీ నేను అనను, ధిక్కరించి పోవాలనీ అనను. మూడు నెలలు ఆపి, ఈలోగా బండికి టార్చితో సంబంధం లేని పనులు చేసుకోవచ్చు: విప్పడం, తుప్పు గీకడం, కొలతలు తీసి అట్టముక్కల మీద నమూనాలు కోసుకోవడం. ఒక జీపును నిలబెట్టే పనిలో సగానికి పైగా ఇదే ఉంటుంది.

మీ మేస్త్రీ గురించి రాసేటప్పుడు నా చెయ్యి కొంచెం ఆగింది. ఆయన్ను తప్పుపడుతున్నట్టు మీకు అనిపించకూడదు. కార్బైడు డ్రమ్ముతో, రెండు సుత్తులతో, ఒక డాలీతో (రేకు వెనక ఆనించి పట్టే ఇనుప దిమ్మ) వంకరపోయిన బానెట్లను అద్దంలా సరిచేసిన తరం అది. మీకు ఇత్తడి అతుకు వచ్చిందంటే ఆయన మంచి గురువే. అయినా ఆయన శరీరం ఓర్చుకున్నవన్నీ మీ శరీరం ఓర్చుకోనక్కర లేదు. గ్యాస్ మంట నుంచి వచ్చే వెలుగుతో పాటు కంటికి కనబడని వేడి కిరణాలు కూడా వస్తాయి. ఏళ్ళ తరబడి వాటిని నేరుగా చూస్తే కంటిలో పొర ముదురుతుంది. చలువ కళ్ళద్దాలు ఆ కిరణాలను ఆపవు. గ్యాస్ వెల్డింగుకు 5వ నంబరు షేడు అద్దమున్న గాగుల్స్ కావాలి. కరెంటు వెల్డింగుకు వాడే 10, 11 నంబర్లు పెట్టుకుంటే మీకు లోహం కనబడదు. ‘నా కన్నుకు మీ కన్నంత సత్తువ లేదు మేస్త్రీ’ అని చెప్పి పెట్టుకోండి. అందులో ఆయనకు అవమానమేమీ లేదు. ఇంకో జత కొని ఆయన బల్ల మీద పెట్టండి, పెట్టుకోమని చెప్పకండి.

కార్బైడు డ్రమ్ము విషయంలో మాత్రం మొహమాటం పడకండి. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడకూడదని నిషేధించిన అదే కాల్షియం కార్బైడు మీద నీళ్ళు పడితే అసిటిలీన్ పుడుతుంది, దానితో పాటే చాలా వేడి కూడా పుడుతుంది. నీళ్ళు చాలకపోతే ఆ వేడి పోయే దారి ఉండదు. డ్రమ్ముకూ టార్చికీ మధ్య నీటితో నిండిన ఒక రక్షణ పాత్ర ఉంటుంది. మంట వెనక్కు వస్తే అక్కడ ఆరిపోవాలి. అందులో నీళ్ళు గీత దాకా ఉన్నాయో లేదో రోజూ టార్చి ముట్టుకునే ముందు చూడాలి. అనంతపురం ఎండల్లో పొద్దున నింపింది సాయంత్రానికి అదే మట్టంలో ఉంటుందన్న భరోసా లేదు. అసలు ఆ పాత్రే లేకపోతే, ఉన్నా ఎండిపోయి ఉంటే, ఆ రోజు పని నేర్చుకోకుండా ఇంటికి వచ్చేయండి. ఇంకొకటి: తెగిన గ్యాసు పైపుకు రాగి గొట్టం ముక్క పెట్టి బిగించడం పాత షెడ్లలో నేను చాలాసార్లు చూశాను. అసిటిలీన్ రాగితో కలిస్తే తాకిడికే పేలే పదార్థం ఏర్పడుతుంది. అలాంటి ముక్క కనబడితే మేస్త్రీకి చెప్పి తీయించండి. ఆయన వినకపోతే మీకు రెండు దారులున్నాయి. ఆయన దగ్గర సుత్తిపని, డాలీపని మాత్రం నేర్చుకుంటూ, మంటపని సిలిండర్లు వాడే మరో షెడ్డులో నేర్చుకోవచ్చు. లేదా ప్రభుత్వ ఐటీఐకి వెళ్ళి, వెల్డరు ట్రేడు బోధకుల్లో ఎవరైనా సెలవుల్లో మీకు మొదటి పాఠాలు చెబుతారేమో అడగవచ్చు. ఐటీఐలో ఆ ట్రేడు ఏడాది కోర్సు. ఉద్యోగంలో ఉన్న మీకు అది కుదరదు గానీ, మీకు కావలసిన గ్యాసు భాగం అందులో కొన్ని వారాల పనే.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. నలభై ఒకటో ఏట నేర్చుకోవడం మూర్ఖత్వం కాదు. మీ చేతికి రాని విద్య అనుకుంటున్నది కూడా నిజానికి చేతి లోపం కాదేమో. రేకుకు బొక్కలు ఎందుకు పడుతున్నాయో మీ ఉత్తరంలోనే ఉంది. మేస్త్రీ మందపాటి పనులకు బిగించిన నాజిల్‌తోనే మీరు పలుచని రేకు మీద కూడా చేస్తున్నారు. మీరు అతుకుతున్నవి కొత్త రేకులు కావు, తుప్పు తిని సగం మందమే మిగిలిన ముక్కలు. అలాంటి రేకు ఏ మేస్త్రీ చేతిలోనైనా చిల్లుపడుతుంది. 18 గేజి కొత్త సీ.ఆర్. (పూత లేని నున్నని ఉక్కు) రేకు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్నది, ఒక షీటు కొని అంగుళమున్నర వెడల్పు పట్టీలుగా కోయించుకోండి. జీ.ఐ. రేకు తీసుకోకండి, దాని మీది జింకు పూత కాలితే తెల్లని పొగ వస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే విరుగుతుందని షెడ్లలో అనుకుంటారు గానీ, ఆ పొగకు పాలు విరుగుడు కాదు. 1 లేదా 2వ నంబరు నాజిల్, రాగిపూత ఉన్న 1.6 మిల్లీమీటర్ల రాడ్డు చాలు.

మంట వెలిగించాక తొందరపడకుండా దాన్ని చూడండి. ఆక్సిజన్ తక్కువైతే లోపలి తెల్లని మొన చుట్టూ ఈకలాంటి మరో పొర కనబడుతుంది. ఆక్సిజన్ కొద్దికొద్దిగా పెంచుతుంటే ఆ ఈక మొనలోకి ముడుచుకుంటుంది. సరిగ్గా అది మాయమైన చోట ఆపాలి. అదే న్యూట్రల్ మంట, మెత్తని ఇనుముకు అదే కావాలి. అక్కడి నుంచి ఇంకా పెంచితే మొన పొట్టిగా, కోసుగా మారి, చప్పుడు పెరిగి, లోహాన్ని కాల్చేస్తుంది. ఇత్తడి అతుకుకు కొంచెం ఆక్సిజన్ ఎక్కువున్న మంట వాడతారు. ఎనిమిది నెలలు ఇత్తడి మీద చేసిన మీ చెయ్యి, అలవాటుగా ఇనుము మీద కూడా ఆ మంటనే పెడుతోందని నా అనుమానం. తెల్లని మొనను రేకుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో నిలిపి, టార్చిని 60 నుంచి 70 డిగ్రీల కోణంలో పట్టి, రాడ్డును ఎదురుగా 30 నుంచి 40 డిగ్రీల్లో ఉంచి, కుడి నుంచి ఎడమకు కదలండి. లెక్కల మాస్టారికి కోణాలు చెప్పనక్కర లేదు గానీ, చేతికి అవి తెలియడానికి సమయం పడుతుంది.

మొదటి పది రోజులు రాడ్డు ముట్టుకోకండి. ఒక్క రేకు మీద, అతుకు లేకుండా, కరిగిన చుక్కను అటు నుంచి ఇటు నడిపించడం మాత్రమే చేయండి. రేకు ముందు ఎర్రబడుతుంది, తరవాత పసుపుకు తిరుగుతుంది, ఉన్నట్టుండి అక్కడ చెమట పట్టినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు చిన్న గుండ్రని చుక్కై, టార్చి వెంట పెంపుడు జంతువులా నడుస్తుంది. చుక్క అడుగుకు కుంగుతున్నట్టు కనిపించిన క్షణంలో టార్చిని కొద్దిగా పైకెత్తాలి, లేదంటే ముందుకు జరగాలి. ఆ కుంగడం కనబడకముందే చిల్లు పడిందని విద్యార్థులు అంటారు. గాగుల్స్ లేకుండా చేస్తే నిజంగానే కనబడదు. మీకు చిల్లులు పడటానికి, కన్ను రాటుదేలలేదన్నది కాక, కళ్ళు చెదిరిపోవడం ఒక కారణమని నేను నమ్ముతున్నాను.

అప్పడంలా వంకర తిరగడానికి మందు నిదానమే. రెండు రేకుల అంచులు గట్టిగా జతపరిచి, మధ్య నుంచి మొదలుపెట్టి, ఒకసారి అటు ఒకసారి ఇటు, అంగుళానికి ఒకటి చొప్పున టాక్‌లు (చిన్న చుక్క అతుకులు) వేయండి. ప్రతి టాక్ తరవాత కింద డాలీ పెట్టి పైన సుత్తితో చదును చేయండి. తరవాత అతుకును ఒకే గీతగా లాగకుండా, ముక్కలు ముక్కలుగా, చల్లారనిస్తూ పూర్తి చేయండి. గ్యాస్ అతుకులో ఉన్న గొప్పతనం ఇక్కడే ఉంది. అది మెత్తగా ఉంటుంది, సుత్తికి లొంగుతుంది. మీ తాడిపత్రి షెడ్లలో కూడా ఇప్పుడు సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు రక్షణలో కరెంటుతో తీగను కరిగించి అతికే పద్ధతి) వచ్చి ఉంటుంది. దానితో రేకు తక్కువ వేడెక్కుతుంది, కొత్తవాళ్ళకు త్వరగా పట్టుబడుతుంది, కానీ దాని అతుకు గట్టిగా ఉండి సుత్తికి పగలవచ్చు, గ్రైండరుతోనే చదును చేయాలి. మీ బండి ఫ్లోరు దాదాపు బల్లపరుపు రేకు కాబట్టి సీఓటూతో చేసినా తప్పులేదు. మడ్‌గార్డులకు, బానెట్ అంచులకు గ్యాసే బాగుంటుంది. ఇది మీరు ఎంచుకోవలసిన విషయం: త్వరగా బండి లేవాలంటే సీఓటూ, చేతికి విద్య రావాలంటే గ్యాసు. ఏది ఎంచుకున్నా ఛాసిస్ పగుళ్ళు, స్టీరింగు భాగాలు, కమాను పట్టీలు మాత్రం టార్చితో ముట్టుకోకండి. కమానులకు వేడి తగిలితే వాటి పదును పోతుంది, రోడ్డు మీద విరుగుతాయి. ఛాసిస్ పని అనుభవమున్న ఆర్క్ (కరెంటు) వెల్డరుకు ఇవ్వండి.

గొడ్ల పాకలో సొంత సెట్టు అన్న ఆలోచన ఇప్పుడే వద్దంటాను. గడ్డి ఉన్న చోట నిప్పురవ్వ పడితే, మీరు ఇంట్లోకి పోయి అన్నం తిన్న తరవాత అంటుకుంటుంది. ఏడాది పోయాక, చెయ్యి కుదిరాక కొనుక్కుంటే, గడ్డికి దూరంగా గాలాడే రేకుల పంచ ఒకటి వేసుకోండి. అసిటిలీన్ సిలిండరు మెరూన్ రంగులో, ఆక్సిజన్‌ది నల్లరంగులో ఉంటాయి. రెండింటినీ నిలువునా గొలుసుతో కట్టాలి. అసిటిలీన్ సిలిండరును పడుకోబెట్టి వాడితే లోపల గ్యాసును పట్టి ఉంచే అసిటోన్ బయటకు వచ్చేస్తుంది. దాని ఒత్తిడిని రెగ్యులేటరు దగ్గర చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాటనివ్వకూడదు. రెండు పైపులకూ మంట వెనక్కు పోకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్లు పెట్టించాలి. ఆక్సిజన్ రెగ్యులేటరును గ్రీజు చేతులతో తాకవద్దు, దాని మరకు నూనె రాయవద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే నూనె దానంతట అదే అంటుకుంటుంది. మే నెల ఎండలో ఉక్కపోతకు తట్టుకోలేక చొక్కాలోకి ఆక్సిజన్ వదులుకునే కుర్రాళ్ళను నేను చాలామందిని ఆపాను. ఆ గుడ్డకు తరవాత ఒక్క రవ్వ తగిలితే చాలు. ఇంట్లోని 14.2 కిలోల వంటగ్యాసు సిలిండరును ఇందుకు వాడటం చట్టరీత్యా తప్పు. పైగా ఆ గ్యాసుతో ఇనుము కోయవచ్చు, వేడిచేయవచ్చు గానీ సరైన అతుకు రాదు.

తమ్ముడి విషయం క్లుప్తంగా చెబుతాను. ఆర్.సీ. ఇంకా నాయన పేరు మీదే ఉందంటే బండి మీ ఒక్కరిది కాదు, మీ అమ్మగారిది, తమ్ముడిది కూడా. అతుకు పెట్టక ముందే ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుని, వారసుడి పేరుకు మార్చే ఫారం 31తో రవాణా శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేయండి. లేదంటే రెండేళ్ళు కష్టపడి నిలబెట్టిన బండి మీద అప్పుడు పేచీ మొదలవుతుంది. తమ్ముడి ముందు పెట్టడానికి ఒక సంగతి ఉంది. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. మీ 1972 బండికి ఆ వయసు వచ్చింది. డీజిల్ ఇంజను వేస్తే ఆ అవకాశం పోతుంది. అలా నమోదైన బండిని రోజువారీ తిరుగుడుకు గానీ బాడుగకు గానీ వాడకూడదు. పొలానికి తిప్పుకోవాలన్నదే మీ కోరికైతే మామూలు ఆర్.సీ. పునరుద్ధరణ దారి చూసుకోవాలి. బండి ఎందుకు కావాలో మీ ఇంట్లో తేల్చుకుంటే, అమ్మాలా వద్దా అన్న ప్రశ్న చాలావరకు తేలిపోతుంది.

బండిని షెడ్డుకు అప్పగించేయాలనుకుంటే కూడా అందులో ఓటమి ఏమీ లేదు. ఫ్లోరు, ఛాసిస్ వాళ్ళకు ఇచ్చి, టూల్‌బాక్సు మూత, బ్యాటరీ పళ్ళెం, వెనక నంబరు ప్లేటు బిగించే పట్టీ లాంటివి మీ చేత్తో చేసుకోవచ్చు. అలా చేస్తే మీరు ఆర్నెల్లలో బండి నడపవచ్చు, కానీ మీరు కోరుకున్నంత భాగం మీ చేతి పని కాదు. మొత్తం మీరే చేస్తానంటే రెండు వేసవులు అనుకోండి. నాయన ఫ్లోరు రేకును మాత్రం అభ్యాసానికి వాడకండి. కొత్త రేకు పట్టీలతో రెండేసి ముక్కలు అతికి, ఒక్కో జతను వైస్‌లో అతుకు దగ్గర బిగించి, సుత్తితో పూర్తిగా మడిచి చూడండి. పగిలితే వెనక వైపు చూడండి. అక్కడ వేడి అందక అంచులు విడిగా మిగిలి ఉంటాయి. పగిలిన ముక్కల మీద తేదీ రాసి దాచండి. వరుసగా పది జతలు పగలకుండా మడిచాయంటే, అప్పుడు ట్యాంకు విప్పిన ఆ జీపు దగ్గరికి వెళ్ళి, డ్రైవరు కాళ్ళ కింద తుప్పును మంచి లోహం కనబడేదాకా కోయడం మొదలుపెట్టండి.